ఐలేశం బొటనవేలు

రబియాకు అనుమానం ఎక్కువ. ఆ సంగతి ఆమే ఒప్పుకుంటది. పాల ప్యాకెట్టు కోసేముందు వాసన చూస్తది, కొత్త చాయ్‌పత్త వస్తే తెల్ల కాయితం మీద చిటికెడేసి తడిపి రంగు దిగుతాందా అని చూస్తది, ‘గిప్పుడే వస్త’ అని లేచినోన్ని గల్లీ మలుపు తిరిగేదాక చూస్తనే ఉంటది. అనుమానం పెనుభూతం బిడ్డా అని ముసలి రఘుపతి ఎన్నిమార్లు చెప్పినా, ఆ భూతమే గదా పదేండ్ల సంది నా చాయ్ హోటల్‌కు కావలి కాస్తాంది అని నవ్వుతది.

గసొంటి రబియాకు ఇయ్యాల పొద్దుగాల్నుంచి రెండో గల్లీ మొత్తం మీద అనుమానం పుట్టింది. అది గూడ తన సొంత గల్లీ.

సంగతేందంటే, మర్రిగూడ దిక్కు పోయే తొవ్వల ఉన్న ఆ చిన్న టౌన్ల బోరు నీళ్లంటే ఫ్లోరైడ్ నీళ్లు. ఆ నీళ్లు తాగీ తాగీ రబియా అత్తకు అరవై ఏండ్లకే మోకాళ్లు వంగి గోడ పట్టుకోని నడుస్తాంది. బిడ్డ నిషాత్ తొమ్మిదో తరగతి. చక్కటి పిల్ల, కని పండ్ల మీద గోధుమరంగు గీతలు. ఎంత నవ్వొచ్చినా చెయ్యి అడ్డం పెట్టుకోకుంట నవ్వదు. బడిల తీసిన ఫొటోల గూడ పిల్లలందరు పండ్లు చూపెడితే ఆమె ఒక్కతి మూతి బిగబట్టి నిలబడ్డది. ఆ ఫొటో కండ్ల పడ్డప్పుడల్లా రబియా దాన్ని బోర్లిచ్చి పెడ్తది.

ఇగ ఇప్పుడు మున్సిపాలిటోళ్లు ఇంటింటికి నల్లా కనెక్షన్ ఇస్తున్నరు. సాగర్‌కెళ్లి కృష్ణ నీళ్లు తెచ్చే పెద్ద పైపు గల్లీలల్ల ఎప్పుడో వేసిండ్రు. దాంట్లకెళ్లి ఇంటికి చిన్న పైపు గుంజుడే మిగిలింది. ఒకటో గల్లీకి ఇచ్చిండ్రు. మూడో గల్లీకి, నాలుగో గల్లీకి ఇచ్చిండ్రు. ప్రతి గడప ముంగట నీలం పైపు మొలిచి నిలబడ్డది. రెండో గల్లీని మాత్రం దాటేసి పోయిండ్రు. రేపు పొద్దుగాల నాలుగు గల్లీలకు సీసీ రోడ్డు పోస్తరట. పోసినంక ఆ రోడ్డును ఎవ్వల్నీ పగలగొట్టనియ్యరు. అంటే ఇయ్యాల నల్లా రాకుంటె మల్ల ఎన్నేండ్లకో.

పొద్దున్నే రబియా పోయి పైపులోళ్ల మేస్త్రిని నిలదీసింది. ముజఫ్ఫర్ అని, మేళ్లచెరువు దిక్కు మనిషి. ఆయన ఏం దాచలేదు, చేతిల ఉన్న లిస్టు తీసి చూపెట్టిండు. రెండో గల్లీ, ఇరవై రెండు ఇండ్లు, అన్నిటి ముంగట ‘నల్లా ఉన్నది’ అని రాసి ఉన్నది. నెల కింద సర్వేకు వచ్చినప్పుడు గల్లీల ఎవరో పెద్దమనిషి గట్లనే చెప్పి, ట్యాబు మీద వేలు పెట్టిండట. పేరు మాత్రం ఆయన లిస్టుల లేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఉన్నదన్న మనిషే వచ్చి లేదని చెప్పి కాయితం మీద వేలు పెడితే తవ్వుమన్నరట. రబియా ఒక్క నిమిషం నిలబడి ఆలోచన చేసి, ఒంటి గంటకు నా హోటల్‌కు వచ్చి చాయ్ తాగు భయ్యా, గోడ దిక్కు తిరిగి కూసో, నేను చెప్పేదాక నోరు విప్పకు అన్నది.

ఆటెన్క చాయ్ మరగబెట్టుకుంట లెక్క తీసింది. సర్వే అయింది మంగళారం. ఆ దినం తను మహబూబ్‌నగర్‌ల అక్కింటి కాడ ఉన్నది. రఘుపతి ఇంటిల్లిపాది యాదగిరిగుట్టకు పోయిండ్రు. ప్రసాదం పులిహోర తెచ్చి ఇస్తే తను వాసన చూసే తిన్నది, కాబట్టి అది పక్కా. ఆడోళ్లు పత్తి ఏరుడుకు పోయిండ్రు. ఎనిమిదో ఇంటి నాగులమ్మ ఉన్నది గని, ఆమెకు చెవులు వినరావు, ఎవరు తలుపు కొట్టినా లేవదు. ఇగ మిగిలింది గల్లీ చివరింటి ఐలేశం.

ఐలేశానికి యాభై దాటినయి. ఆయన నోట్లకెళ్లి ఎలుక బయటికొస్తే గల్లీ దాటేలోపు ఏనుగైతది. గసొంటోన్ని ‘నువ్వేనా చెప్పినవు’ అని అడిగితే ప్రాణం పోయినా ఒప్పుకోడు. అడిగితే రాని నిజం పొగిడితే వస్తదని రబియాకు ఎర్కే.

ఒంటి గంటకు ముజఫ్ఫర్ వచ్చి తలకు తువ్వాల చుట్టుకోని గోడ దిక్కు తిరిగి కూసున్నడు. రోడ్డు సంగతి తేలేదాక పనికి పోబుద్ది కాక గల్లీలోళ్లు ఐదారుగురు బెంచీల మీద కూసోని ఉన్నరు. ఐలేశం రాంగనే రబియా చాయ్‌తోని పాటు రెండు ఉస్మానియా బిస్కిట్లు సాసర్ల పెట్టి ముంగట పెట్టింది. అందరు నోరు తెరిచి చూసిండ్రు. ఆ హోటల్ పెట్టినకాడికెళ్లి అడగకుంట బిస్కిటు వచ్చింది ఇదే మొదలు.

“తిను అన్నా,” అన్నది రబియా. “రేపు రోడ్డు పోస్తరంటే గల్లీ గల్లీ ఏడుస్తాంది. నీ ముఖంల మాత్రం ఫికర్ లేదు.”

గంతే. ఐలేశం బిస్కిటు చాయ్‌ల ముంచి, నాకెందుకు ఫికర్ చెల్లె, నా ఇంట్ల నల్లా వచ్చి ఐదేండ్లాయె అన్నడు. రఘుపతి పక్కోన్ని మోచేత్తోని పొడిచిండు, అంటే కథ షురూ అయిందని. రఘుపతి ముప్పై ఏండ్లు బస్సుల కండక్టర్ చేసి రిటైరయినోడు, మంది మాటలు వినుడు ఆయనకు అలవాటే.

ఐదేండ్ల కింద సడక్ మీద పెద్ద పైపు పోతున్నప్పుడు ఐలేశమే పోయి నాకొక కనెక్షన్ ఇయ్యుండ్రి అన్నడట. పనోళ్లు చూసి, మీ ఇంటిదాక నలభై అడుగులున్నది, కాలువ తవ్వుడే మూడు దినాలు పడ్తది అన్నరట.

“మూడు దినాలా? గడ్డపార ఇటు పారేయుండ్రి అన్న. పొద్దు గూకలే రఘుపతన్నా, నలభై అడుగులు అవుతల పడ్డది. మన్ననుకుంటున్నవా? అంత నల్లరాయి. పోటేస్తే నిప్పులు లేస్తున్నయి. ఆ నిప్పులకే బీడీలు అంటిచ్చుకుంట తవ్విన.”

నలభై అడుగులు మనిషన్నోడు తవ్వొచ్చు, కని ఐలేశం తవ్వడు అనుకున్నది రబియా. ఈయన బిందె ఎత్తితే మాపటిదాక నడుం పట్టుకుంటడు. అయినా మొఖంల ఏం కనబడనియ్యకుంట చాయ్ వడకడ్తనే ఉన్నది.

ఆటెన్క ఏమైందో ఎర్కేనా అని ఐలేశమే అడిగి ఐలేశమే చెప్పిండు. పైపోడు పెద్ద పైపుకు తొర్ర కొట్టిండట. నీళ్లు తాటిచెట్టంత లేచినయట. చూస్తే బిగిచ్చే నల్లా తేలేదు. జర వేలు అడ్డం పెట్టు ఐలేశమన్నా, దుకాణంకు పోయి తెస్త అన్నడట. ఐలేశం కుడిచెయ్యి బొటనవేలు తొర్రల పెట్టిండట. దుకాణం బంద్ ఉంటే ఆ పైపోడు నల్గొండకు పోయిండు, ఆడ వాని మేనమామ బిడ్డ పెండ్లి తగిలింది, పెండ్లంటే ఊకనే అయితదా, మూడు దినాలు రాలేదట.

“మూడు దినాలు వేలు తియ్యలేదా?” అన్నడు రఘుపతి.

“తీస్తే ఊరు ఉండొద్దా? నా పెండ్లాం ముద్దలు చేసి నోట్ల పెట్టింది. కూసున్న కాన్నే కునుకు తీసిన. దవాఖానకెళ్లి డాక్టరొచ్చి వేలికి బీపీ చూసిండు. వెనక కృష్ణ కృష్ణంత ఆగి నురుగులు కక్కుతాంది, ముంగట నా బొటనవేలు.” వేలెత్తి అందరికి చూపెట్టిండు. గోరు దగ్గర బీడీ మచ్చ తప్ప ఆ వేలి మీద ఇంకేం లేదు.

మరి చెంబు పట్టుకపోవుడు ఎట్ల అని ఎవరో వెనకకెళ్లి అడిగిండ్రు. కృష్ణనే ఆపినోనికి గదొక లెక్కనా అన్నడు ఐలేశం. బెంచీలన్ని ఊగినయి. రబియా మాత్రం ఆ వేలినే చూస్తాంది. ఆమెకు అప్పటిదాక ఉన్న అనుమానం ఆ వేలి మీద వచ్చి కూసున్నది.

మూడోనాడు నల్లా బిగిచ్చిండ్రట. ఐలేశం పెండ్లాం పుట్టింటోళ్లు పెట్టిన ఇత్తడి బిందె తెచ్చి కింద పెట్టి నల్లా విప్పిందట. ఆ జోరుకు బిందె లేచిందట. రఘుపతి మిద్దె దాటింది, సెల్ టవర్ దాటింది, నల్గొండ దాటింది, పోయి పోయి మేళ్లచెరువు ఫ్యాక్టరీల సిమెంటు కుప్ప మీద పడ్డదట. బిందెడు నీళ్లు సిమెంట్ల కలిసి తెల్లారేసరికి గుట్టయి కూసున్నదట. ఆ గుట్టల్నే ఉన్నది నా బిందె, ఇప్పటికీ నా పెండ్లాం యాది చేసుకోని ఏడుస్తది అన్నడు.

గోడ దిక్కు తిరిగి కూసున్న ముజఫ్ఫర్ వీపు వణికింది. ఆయనది మేళ్లచెరువే గదా. ఈ మనిషి నవ్వి పని పాడు చేస్తడేమో అని రబియాకు బుగులు పుట్టి, ఇంకో చాయ్ కావాల్నా అని గట్టిగ అడిగింది. వీపు సద్దుమణిగింది.

ఇగ నల్లాలకెళ్లి చేపలు వచ్చుడు మొదలైందట. ముందుగాల పరకలు, ఆటెన్క మూరెడు మూరెడు కొర్రమీన్లు. చింతపండు నానబెట్టేదాక గూడ ఆగకుంట గిన్నెల దుంకుతున్నయట. ఐదో దినం చేపలు ఆగినయి. ఏంది అడ్డం పడ్డదని నల్లాను చేత్తోని తడితే, పుట్టి పడవల కూసోని, వల భుజాన ఏసుకోని, ఒక మనిషి బయటికి వచ్చిండట. సాగర్‌ల చేపలు పట్టుకునేటోడు, ధారల కొట్టుకోని వచ్చిండు పాపం.

“అర ఇంచు నల్లాలకెళ్లి పుట్టి ఎట్ల వస్తది?” అన్నడు రఘుపతి.

“అడ్డం తిప్పి తెచ్చిండు.”

ఇది ఏ ఊరన్నా అని అడిగి, చాయ్ తాగి, ఆ మనిషి సాగర్ బస్సెక్కి పోయిండట. పుట్టిని మాత్రం కండక్టర్ ఎక్కించుకోలేదట, దానికి టికెట్ ఎంతనో తెల్వక. అప్పటిదాక బిందె ఎగిరినా, మనిషి నల్లాల పట్టినా తల ఊపిన రఘుపతికి ఇక్కడ కోపమొచ్చింది. పుట్టికి లగేజీ టికెట్ కొడ్తరు, తెల్వదనుడు అబద్ధం, నా సర్వీసుల నేను ఆపసోపాలు పడి మంచాలెక్కిచ్చిన అని లేచి నిలబడ్డడు. ఆయన్ను కూసోబెట్టేసరికి రెండు చాయ్‌లు చల్లారినయి.

ఐలేశం మాత్రం ఆగుతడా? డ్యాముల నీళ్లు దినానికి మూరెడు దిగుతున్నయట. అవుతల రాష్ట్రమోళ్లు మీరే తోడుకుంటున్నరని వీళ్ల మీద, వీళ్లు మీరే దొంగతనంగ గుంజుతున్నరని వాళ్ల మీద అనుమానం. రెండు దిక్కుల పోలీసులు గట్టు మీద నిలబడి ఒకల్నొకలు చూసుకుంట కన్ను మూస్తలేరట. ఆఖరుకు ఆరు జీపులల్ల ఇంజనీర్లు నీటి జాడ పట్టుకోని వచ్చి, ఐలేశం గడప ముంగట చెప్పులిడిచి, అయ్యా జర నల్లా బంద్ చేయుండ్రి, రెండు రాష్ట్రాలు కొట్లాడుకోని చచ్చేటట్టున్నయి అని చేతులు జోడిచ్చిండ్రట.

“అన్నదమ్ముల నడుమ కొట్లాట నాకెందుకని, సైకిల్ గొలుసు చుట్టి నల్లాకు తాళమేసిన. గా దినం సంది నా దర్వాజ గూడ తియ్యను. తాళంచెవి యాడున్నదో నా పెండ్లానికి గూడ తెల్వదు.”

అందరు నవ్వుతున్నరు. రబియా చాయ్ గిన్నె దించి పొయ్యి చిన్నగ చేసింది. ఇప్పుడు తప్పితే మల్ల దొరకడు.

“మరి అన్నా,” అన్నది మెల్లగ, “ఇంట్ల కృష్ణను పెట్టుకోని, మేము ఫిల్టర్ నీళ్ల క్యాన్లు మోస్తుంటె చూసుకుంట కూసున్నవా? నా నిషాత్ పండ్లు నువ్వు చూడలేదా? ఒక్కనికే దాచుకున్నవా?”

ఐలేశం ముఖం చిన్నగయింది. అబద్ధాలకోరని అంటే ఆయన పట్టించుకోడు, పిసినారి అంటే మాత్రం తట్టుకోలేడు. చుట్టూ చూసిండు. అందరు జవాబు కోసం చూస్తున్నరు.

“ఎవరన్నరు దాచుకున్ననని? గల్లీకంత నేనే ఇప్పిచ్చిన. ఇరవై రెండు ఇండ్లు. ఉత్త మాట గాదు చెల్లె, సర్కార్ల రాయిచ్చిన.”

“ఎవ్వలకు చెప్పి రాయిచ్చినవు?”

“హరిత అని, ట్యాబు పట్టుకోని సర్వేకు వచ్చింది పిల్ల. గా మంగళారం గల్లీల పురుగు లేదు, నేనొక్కన్నే అరుగు మీద కూసున్న. ఎన్ని ఇండ్లకు నల్లా లేదు అని అడిగింది. లేకపోవుడేంది బిడ్డా, ఐలేశం ఉన్న గల్లీల నల్లా లేకుంట ఉంటదా, ఇరవై రెండిండ్లకు నేనే పెట్టిచ్చిన, రాసుకో అన్న. రాసుకున్నది. గీ వేలే, గీ బొటనవేలే ట్యాబు మీద పెట్టు అన్నది, పెట్టిన.”

ఆ వేలు ఇంక గాల్లనే ఉన్నది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయినయి. ముజఫ్ఫర్ తువ్వాల తీసి ఇటు తిరిగిండు, సంకల ఉన్న లిస్టు తీసి బెంచీ మీద పెట్టిండు.

రబియా కొంగుతోని చేతులు తుడుచుకున్నది. ఆమెకు కోపం ఎంతొచ్చిందంటే కండ్లల్ల నీళ్లొచ్చినయి.

“మూడు దినాలు వేలు పెట్టి కృష్ణను ఆపిన్నంటివి, నేను నమ్మలే అన్నా. ఇప్పుడు నమ్ముతున్న. నెల దినాల సంది మా గల్లీ నీళ్లు గా వేలితోనే ఆపినవు.”

ఐలేశం లిస్టు దిక్కు చూసిండు. ఇరవై రెండు మార్లు ‘ఉన్నది, ఉన్నది’ అని కింది దాక ఉన్నది. అండ్ల ఆయన ఇల్లు గూడ ఉన్నది. వేలు మెల్లగ మడిచి పిడికిట్ల దాచుకున్నడు.

ముజఫ్ఫర్ సాఫ్ సీదా చెప్పిండు. పద పెద్దమనిషీ, ఆ నల్లా చూపెట్టు, చూపెడితే నేను సామాను సర్దుకోని పోత, లేకుంటె లేదని చెప్పి ఈ కాయితం మీద వేలు పెట్టు. ఐలేశం తాళంచెవి అని ఏదో అనబోయిండు. నా కాడ సుత్తె ఉన్నది అన్నది రబియా. ఆయన రఘుపతి దిక్కు చూసిండు. ముప్పై ఏండ్ల సంది ఐలేశం ఏం చెప్పినా నవ్విన రఘుపతి ఇప్పుడు నవ్వలేదు.

ఐలేశం గొంతు తగ్గిచ్చి రబియాతోనే అన్నడు. “ఆ పిల్ల నన్ను సార్ అన్నది చెల్లె. నా జన్మల నన్ను సార్ అన్నోళ్లు లేరు. సార్, మీ గల్లీల నల్లా ఉన్నదా అన్నది. సార్ అని పిలిచినంక లేదని ఎట్ల చెప్తరు?”

రబియాకు పాపం అనిపిచ్చింది, పాపం అనిపిచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ముజఫ్ఫర్ సిరా డబ్బా మూత తీసిండు.

“ఒక్క మాటల చెప్పు. నల్లా ఉన్నదా, లేదా?”

“లేదు,” అన్నడు ఐలేశం.

గల్లీల ఆయన చెప్పిన మాటలల్ల అంత చిన్న మాట అంతకుముందు ఎవ్వలు వినలేదు. రబియాకు గూడ ఆ మాట మీద ఏ అనుమానం రాలేదు. ఐలేశం బొటనవేలు సిరాల అద్ది, కాయితం మీద పెట్టి, గట్టిగ ఒత్తి తీసిండు. తీసి, ఆ గుర్తును కొద్దిసేపు చూసుకున్నడు. చూస్తుంటె చూస్తుంటెనే ఆయనకు పానం మల్ల లేచొచ్చింది.

“కని మేస్త్రీ, ఇంకొకటి గూడ రాసుకో. నాకు నల్లా లేకపోవుడంటే మందికి లేకపోవుడు లెక్క గాదు. నాకు లేనంత లేకుంట ఈ జిల్లాలనే ఎవ్వలకు లేదు.”

రఘుపతి పగలబడి నవ్విండు. ముజఫ్ఫర్ గూడ ఇప్పటిదాక ఆపుకున్నదంత ఒక్కసారే నవ్విండు. నవ్వి, లేచి, పొద్దు దిక్కు చూసిండు. తన మనుషులు ఆరుగురే, ఇండ్లు ఇరవై రెండు, పొద్దు గూకేదాక నాలుగు గంటలు గూడ లేదు, గుంతలు తవ్వుడు మీవంతు, పైపు కలుపుడు మావంతు అన్నడు. బెంచీల మీదోళ్లు లేచి పారలు, గునపాల కోసం ఇండ్లల్లకు ఉరికిండ్రు.

ఐలేశం గూడ లేచి మెల్లగ చివరింటి దిక్కు జారుకోబోయిండు. రబియా హోటల్ మూలకు పోయి గడ్డపార ఈడ్చుకొచ్చి ఆయన ముంగట నిలబెట్టింది. తన గడపకాడికెళ్లి పెద్ద పైపుదాక చెప్పుతోని గీత గీసింది.

“పదకొండు అడుగులే అన్నా. నలభై అడుగులు నల్లరాయి పొద్దు గూకకముందే తవ్వినోనివి. నిషాత్ బడికెళ్లి వచ్చేసరికి కావాలె.”

ఐలేశం ఆ గీత చూసిండు. గడ్డపార చూసిండు. ఒక్క పోటేసిండు, టంగుమని మోగింది, నిప్పు లేవలేదు.

“గా దినం నేల జర మెత్తగుండె చెల్లె,” అన్నడు, రెండో పోటు కోసం నడుం పట్టుకుంట.